పాత స్పోర్ట్స్ కారు: గేరు పడటం లేదు, ఐడిల్ నిలవడం లేదు, కార్పెట్ తడుస్తోంది – ముందు దేనిని పట్టుకోవాలి?

రెండుసీట్లబండి:

అందరికీ నమస్కారం. పాతికేళ్లు దాటిన ఒక రెండు సీట్ల స్పోర్ట్స్ కారును ఇటీవల సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను. ఇంజను ముందుంటుంది, నడిచేవి వెనుక చక్రాలు, పైన మడిచే గుడ్డ టాప్. ఇంజను బలంగానే లాగుతోంది కాని మూడు ఇబ్బందులు వదలడం లేదు. సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కి ఆగితే పెడల్ మెల్లగా కిందికి దిగిపోతుంది, ఆ తరువాత మొదటి గేరు గరగరలాడుతుంది, రివర్సు అసలే పడదు. పెడల్‌ను వరుసగా తొక్కి వదిలితే మాత్రం పడుతుంది. ఇంజను వేడెక్కిన తరువాత ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజను తిరిగే వేగం) 800, 1500 ఆర్పీఎంల మధ్య ఊగుతూ ఉంటుంది. వాన పడిన మరునాడు డ్రైవరు పాదాల దగ్గర కార్పెట్ పిండితే నీళ్లు వస్తాయి.

చూసిన మెకానిక్ క్లచ్ ప్లేటు, ఇంజను కంట్రోల్ యూనిట్ (ఇంధనాన్ని నియంత్రించే కంప్యూటరు) రెండూ మార్చాలన్నారు. అంత ఖర్చుకు సిద్ధపడే ముందు, పానాల సెట్టు, మల్టీమీటరు, హైడ్రాలిక్ జాకీ మాత్రమే ఉన్న నేను ఇంట్లో ఏమేమి చూసుకోగలనో, ఏ వరుసలో చూడాలో దయచేసి చెప్పండి.

పానా14:

క్లచ్ ప్లేటు జోలికి ఇప్పుడే వెళ్లకండి. ప్లేటు అరిగితే క్లచ్ జారుతుంది, అంటే ఎత్తు ఎక్కేటప్పుడు ఆర్పీఎం పెరుగుతుంది గాని బండి వేగం పెరగదు. మీ సమస్య దానికి సరిగ్గా వ్యతిరేకం: క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదు. పెడల్ తనంతట తాను దిగడం, మళ్లీ మళ్లీ తొక్కితే పని చేయడం చూస్తే హైడ్రాలిక్ సీలు దగ్గర ఒత్తిడి నిలవడం లేదనే అనుమానించాలి.

గేర్‌బాక్సు పక్కనుండే స్లేవ్ సిలిండర్ (ద్రవ ఒత్తిడితో క్లచ్‌ను విడదీసేది) రబ్బరు తొడుగు అంచును మెల్లగా ఎత్తి చూడండి. లోపల తడి కనిపిస్తే సీలు పోయినట్టే. అక్కడ పొడిగా ఉంటే డాష్‌బోర్డు కింద పెడల్ నుంచి మాస్టర్ సిలిండర్‌లోకి (తొక్కుడును ద్రవ ఒత్తిడిగా మార్చేది) వెళ్లే కడ్డీ చుట్టూ వేలితో తడిమి చూడండి. అక్కడ జిడ్డు ఉన్నా, ఆ భాగంలో రంగు ఉబ్బి ఊడుతున్నా మాస్టర్ కారుతున్నట్టు. ఒక మాట: మాస్టర్ కారినా డ్రైవరు కార్పెట్టే తడుస్తుంది కనుక, ఆ తడి నీళ్లలా ఉందా, వేళ్ల మధ్య జారుతోందా అన్నది కూడా చూసుకోండి. రెండు చోట్లా పొడిగా ఉండి పెడల్ దిగుతూనే ఉంటే, ద్రవం మాస్టర్ లోపలి సీలును దాటి వెనక్కి పోతోందని అర్థం. అది బయటికి కనిపించదు.

రెండింటి సీళ్ల వయసూ ఒకటే కాబట్టి నేనైతే రెండూ ఒకేసారి మారుస్తాను. ద్రవం ఏ రకానిది పోయాలో, ద్రవం నిలవుండే డబ్బా మూత మీద ఉంటుంది. డాట్ 4 అని ఉన్నచోట డాట్ 5 పోయకండి. అది సిలికోన్‌తో చేసినది, మిగిలిన వాటితో కలవదు. డాట్ 4 చుక్క రంగు మీద పడితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడగండి. పాత బ్లీడర్ మరను (లోపలి గాలిని బయటికి వదిలే మర) మొండిగా తిప్పితే విరుగుతుంది. ముందురోజే తుప్పు వదిలించే నూనె వేసి, ఆరు పలకల రింగు పానాతోనే తిప్పండి.

గాలిగొట్టం:

పానా14 గారు చెప్పిన దానితో ఏకీభవిస్తూ, ఐడిల్ గురించి రాస్తున్నాను. ఇలా ఊగడానికి తరచుగా కనిపించే కారణం, థ్రాటిల్‌ను (ఇంజనులోకి వెళ్లే గాలిని నియంత్రించే కవాటం) దాటుకొని ఎక్కడి నుంచో లోపలికి చేరుతున్న గాలి. పెడల్ మీద కాలు లేదు, అయినా ఆర్పీఎం ఒక హద్దు దాటింది. బండి దిగుడులో ఉందనుకొని కంట్రోల్ యూనిట్ ఇంధనం ఆపుతుంది. ఆర్పీఎం పడిపోతుంది, ఇంధనం మళ్లీ వస్తుంది, అదనపు గాలి వల్ల మళ్లీ పైకి పోతుంది. యూనిట్ తన పని తాను చేస్తున్నప్పుడే ఇలా జరుగుతుంది, కాబట్టి దాన్ని మార్చమనడం తొందరపాటే.

ఎయిర్ ఫిల్టర్ నుంచి థ్రాటిల్‌కు వెళ్లే రబ్బరు గొట్టపు ముడతలను విప్పదీసి చూడండి. పగుళ్లు మడత అడుగునే దాగి ఉంటాయి. ఇంజను నడుస్తుండగా బ్రేక్ బూస్టర్ గొట్టాన్ని, తక్కిన సన్నని వ్యాక్యూమ్ గొట్టాలను ఒక్కొక్కటిగా నొక్కిపట్టి ఐడిల్ మారుతుందేమో గమనించండి. పగులును వెతకడానికి మండే స్ప్రేలు కొట్టమని కొందరు చెబుతారు. వేడి ఎగ్జాస్ట్ పక్కన అది నాకు నచ్చని పని. సన్నగా నీళ్లు చల్లితే చాలు.

కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) మట్టం కూడా చూడండి, ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతే మూత తీయండి. కొన్ని పాత ఇంజన్లలో ఐడిల్ వాల్వు గుండానే కూలెంట్ ప్రవహిస్తుంది. అది తగ్గినా, గాలి చేరినా వాల్వుకు వేడి సరిగా అందదు. ఇక మల్టీమీటరు ఉందన్నారు కనుక, ఎవరినైనా స్టార్టర్ తిప్పమని, బ్యాటరీ నెగటివ్ కొసకూ ఇంజను దిమ్మకూ మధ్య కొలవండి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ వైరు కొసలు విప్పి, లోహం మెరిసేదాకా గీకి బిగించాలి.

తుప్పుపరిశోధకుడు:

వరుస విషయంలో నా అభిప్రాయం వేరు. గేరు పడకపోతే బండి ఆగుతుంది, అంతే. నీరు మాత్రం రోజూ బండిని తింటూ ఉంటుంది. గుడ్డ టాప్ మడతపడే చోట, సీట్ల వెనుక రెండు వైపులా నీరు దిగే రంధ్రాలు ఉంటాయి. అవి ఆకులతో, దుమ్ముతో పూడితే నీరు తలుపు కింది పెట్టె భాగంలోకి చేరి లోపలి నుంచి తుప్పు పడుతుంది. రంగు పొంగే వేళకు లోపల రేకు మిగలదు. గ్లాసుడు నీళ్లు పోసి కింద నుంచి ధార వస్తుందో లేదో చూడండి. రాకపోతే మెత్తని ప్లాస్టిక్ తీగతో శుభ్రం చేయండి, ఇనుప కమ్మీ గుచ్చితే లోపలి గొట్టం చిరుగుతుంది.

మీకు తడి ముందు భాగంలో ఉంది కనుక అద్దం కింద వైపర్ల దగ్గరి రంధ్రాలను కూడా వదలకండి. తడి తియ్యటి వాసన వేస్తూ, అద్దం లోపలి వైపు జిడ్డు పొర కడుతుంటే అది వాన నీరు కాదు, హీటర్ కోర్ (వేడి కూలెంట్‌తో కారు లోపలిని వెచ్చబరిచే చిన్న రేడియేటరు) కారుతోంది. కొన్ని కార్లలో కంట్రోల్ యూనిట్ పాదాల దగ్గరే ఉంటుంది. మీ దాంట్లోనూ అలాగే ఉంటే దాని కనెక్టరులో పచ్చని చిలుము పట్టిందేమో చూడండి.

ఇంకొకటి, మీ జాబితాలో జాకీ స్టాండ్లు లేవు. జాకీ ఎత్తడానికే గాని నిలబెట్టడానికి కాదు. స్టాండ్లు కొనేవరకు బండి కింద పడుకోకండి.

రెండుసీట్లబండి:

అందరికీ ధన్యవాదాలు. స్టాండ్లు తెచ్చాకే కిందికి వెళ్లాను. స్లేవ్ తొడుగు ఎత్తగానే నల్లని ద్రవం వేళ్ల మీదికి కారింది, మాస్టర్ వైపు పొడిగా ఉంది. కార్పెట్‌లోది మామూలు నీరే. వైపర్ల కింద రంధ్రం మట్టితో గట్టిపడి ఉంది. గాలి గొట్టాలు ఇంకా చూడలేదు. స్లేవ్ మార్చి బ్లీడింగ్ చేశాను గాని పెడల్ పైభాగంలో ఇంకా మెత్తగానే ఉంది. లోపమెక్కడ?

పానా14:

గాలి ఇంకా లోపలే ఉంది. బ్లీడర్ మర సిలిండర్‌కు పైవైపున వచ్చేలా బిగించారా, ముందు అది చూడండి. కిందికి వస్తే గాలి ఎన్నటికీ బయటికి రాదు. తరువాత ఇద్దరు కలిసి చేయండి: ఒకరు పెడల్ తొక్కిపట్టాలి, మరొకరు మర వదిలించి, బిగించిన తరువాతే పెడల్ వదలమనాలి. డబ్బాలో మట్టం కనీస గీతకు ఎప్పుడూ దిగనివ్వకండి. చాలా కార్లలో ఆ డబ్బా బ్రేకులకూ ఉమ్మడిగా ఉంటుంది, అడుగంటితే బ్రేకులు కూడా బ్లీడ్ చేయాల్సి వస్తుంది. అప్పటికీ మెత్తగానే ఉంటే రబ్బరు హోస్ మీద చేయి వేసి మరొకరిని తొక్కమనండి. అది చేతికింద ఉబ్బితే దాన్నీ మార్చాలి.