అప్‌డేట్: డెత్ వ్యాలీ రేస్‌ట్రాక్ మట్టిరోడ్డుకు వెళ్లొచ్చాం

తమ్ముడి దగ్గరికి కాలిఫోర్నియా వెళ్తున్నాం, అక్కడి డెత్ వ్యాలీ ఎడారిలో రేస్‌ట్రాక్‌కు (రాళ్లు వాటంతటవే జరిగి నేల మీద గీతలు వదిలే ఎండిపోయిన సరస్సు) వెళ్లే మట్టిరోడ్డులో మామూలు కారు పోతుందా అని అడిగాను కదా, వద్దన్న అందరికీ దండాలు. ఫోర్‌వీల్ జీపే అద్దెకు తీసుకున్నాం. నిన్ననే తిరుపతికి తిరిగొచ్చాం.

యూబీహీబీ క్రేటర్ అనే అగ్నిపర్వత బిలం దగ్గర తారు అయిపోయాక దాదాపు 43 కిలోమీటర్లు రేకుల కప్పులా అడ్డంగా గట్లు, మధ్యలో కత్తుల్లాంటి రాళ్లు, ఫోన్ సిగ్నల్ అసలు లేదు. టీకెటిల్ జంక్షన్ దాటాక వెనక టైరు కోసుకుపోయింది. మీరు చెప్పినట్టు పూర్తి సైజు స్టెప్నీ, జాకీ కింద పెట్టడానికి చెక్కపలక, కావలసినన్ని నీళ్లు ఉండబట్టి బయటపడ్డాం, లేకపోతే అమ్మను వెంటపెట్టుకుని ఆ ఎడారిలో ఎంత టెన్షన్ పడేవాళ్లమో.

చలికాలంలో పల్చటి మంచు పలకల్ని గాలి తోస్తే రేస్‌ట్రాక్‌లోని ఆ రాళ్లు జరుగుతాయని 2014లో శాస్త్రవేత్తలు తేల్చారు. రాళ్లు వదిలిన ఆ గీతల పక్కన అమ్మ చాలాసేపు అలాగే నిలబడిపోయింది.