అమెరికన్ బుల్లీ, పిట్‌బుల్ ఒకటేనా? దవడ లాక్ అవుతుందనేది నిజమేనా?

కొత్త_పెంపకం (హైదరాబాద్):
అమెరికన్ బుల్లీ పిల్లను తెచ్చుకుందామని చూస్తున్నాం. ఇంట్లో ఆరేళ్ల పాప, నాలుగేళ్ల ఆడ ఇండీ (నాటు) కుక్క ఉన్నాయి. అపార్ట్‌మెంట్ వాళ్లేమో "అది పిట్‌బుల్లే, గవర్నమెంటు బ్యాన్ చేసింది, పట్టుకుంటే దవడ లాకైపోతుంది, పచ్చి మాంసం పెడితే రక్తం రుచి మరుగుతుంది" అంటున్నారు. అమ్మే ఆయనేమో "పిల్లల్ని ఆయాలా చూసుకుంటుంది, అంతా మన పెంపకంలోనే ఉంది, 35 రోజుల పిల్ల రెడీ" అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?

టెర్రియర్_పిచ్చి:
ఇద్దరివీ సగం సగం తప్పులే.

మనవాళ్లు పిట్‌బుల్ అనేది ఒక్క జాతి కాదు. అమెరికన్ పిట్‌బుల్ టెర్రియర్‌ని యూకేసీ (అమెరికాలోని యునైటెడ్ కెన్నెల్ క్లబ్) 1898లో నమోదు చేసింది. అదే వంశపు కుక్కల్ని ఏకేసీ (అమెరికన్ కెన్నెల్ క్లబ్) 1936లో స్టాఫర్డ్‌షైర్ టెర్రియర్ పేరుతో తీసుకుని, 1972లో ఆ పేరు ముందు 'అమెరికన్' తగిలించింది. ఆమ్‌స్టాఫ్ అంటే ఇదే. ఇంగ్లండ్ స్టాఫీ (స్టాఫర్డ్‌షైర్ బుల్ టెర్రియర్) వేరు, ఇంకా చిన్నది. బుల్లీ వీటన్నిటికంటే కొత్తది. బుల్లీల కోసం పెట్టిన క్లబ్బు ఏబీకేసీ మొదలైంది 2004లో, యూకేసీ గుర్తింపు వచ్చింది 2013లో. ఆమ్‌స్టాఫ్, పిట్‌బుల్ వంశాల్లోకి బుల్‌డాగ్ రకాలు కలిపి, పెద్ద తల, వెడల్పు ఛాతీ, నెమ్మదితనం కోసం ఏరుకుంటూ వచ్చారు. చుట్టాలే గానీ ఒకటి కాదు. అంతర్జాతీయ కెన్నెల్ క్లబ్బుల సమాఖ్య ఎఫ్‌సీఐ అయితే పిట్‌బుల్‌నీ బుల్లీనీ రెండింటినీ గుర్తించదు. కాబట్టి "పేపర్లున్నాయి" అనగానే ఏ క్లబ్బు పేపర్లో అడగండి.

సైజు మాటల్లో కూడా మోసం ఎక్కువ. ఏబీకేసీ లెక్కలో మగదానికి భుజం దగ్గర 17 నుంచి 20 అంగుళాలైతే స్టాండర్డ్, 17 లోపు పాకెట్, 20 దాటితే ఎక్సెల్ (XL). చూసేది ఎత్తు, బరువు కాదు. "ఎక్సెల్ లైన్" అని రేటు పెంచితే తల్లినీ తండ్రినీ నిలబెట్టి మీరే టేపు పెట్టండి.

పశువైద్యం_హన్మకొండ:
దవడ లాక్ పచ్చి అబద్ధం. లాక్ వేసే ఎముక గానీ కీలు గానీ ఏ కుక్కకూ లేదు. అసలు తేడా పట్టులో ఉంది. భయపడి కరిచే కుక్క కరిచి వదిలేసి వెనక్కి పోతుంది, గాయం పన్ను గుచ్చుకున్నంతే. టెర్రియర్ వంశాలు పట్టుకుని తల విదిలిస్తాయి, కండ చీలుతుంది. కాబట్టి మీ పక్కింటివాళ్ల భయం ఉత్తది కాదు, చెప్పే కారణమే తప్పు.

ఈ తేడా తెలియకపోతే విడిపించేటప్పుడు ఇబ్బంది. లాక్ పడిందనుకుని కర్రతో బాదుతారు. బాదేకొద్దీ పట్టు బిగుస్తుంది. తోక పట్టి లాగితే గాయం ఇంకా చీలుతుంది. చేయాల్సింది ఇదీ: వెనక నుంచి కుక్క నడుముకు అటో కాలు ఇటో కాలు వేసి మోకాళ్లతో బిగించండి. ఎడమ చేత్తో మెడ పైన కాలర్ పట్టుకోండి. కుడి చేత్తో బ్రేక్ స్టిక్ (పట్టు విడిపించడానికి వాడే చదును కొన ఉన్న పుల్ల) కొనను కోరపన్ను వెనక, దవడ పళ్ల ముందు ఉండే సందులో దూర్చి, బైకు యాక్సిలరేటర్ తిప్పినట్టు తిప్పండి. నోరు తెరుచుకున్న క్షణంలో వెనక్కి లాగేయాలి. ఆలోగా రెండో కుక్కను ఇంకొకరు పట్టుకుని ఉండాలి, లేకపోతే అది తిరిగి మీద పడుతుంది. కరిచి వదిలి మళ్లీ కరిచే జర్మన్ షెపర్డ్ లాంటివాటి నోట్లో ఈ స్టిక్ పెట్టొద్దు, మీ చేయే దొరుకుతుంది.

మాంసం పెడితే రక్తం మరగడం ఏమీ లేదు. పచ్చి మాంసంతో వచ్చే తంటా సాల్మొనెల్లా, కడుపులో పురుగులు. గిన్నె దగ్గర గుర్రుమనడం తిండి కాపలా. ఆ అలవాటున్న కుక్క పెరుగన్నం దగ్గరా గుర్రుమంటుంది.

ఏ జాతి కరిచినా సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం రాయొద్దు. చర్మం తెగి రక్తం వస్తే రేబిస్ టీకాతో పాటు గాయంలోకి ఇమ్యూనోగ్లోబులిన్ కూడా వేయించాలి.

బోను_బయట:
"అంతా పెంపకంలోనే" అన్న మాట మీద నాకు అభ్యంతరం ఉంది. కుక్కల్ని పాడుచేసేది ఎక్కువగా ఈ మాటే. వీటి పూర్వీకుల్ని ఎద్దుల మీదికి ఉసిగొల్పడానికి పెంచారు. 1835లో ఇంగ్లండ్ చట్టం అది ఆపాక చాటుమాటు కుక్కల పందేలకు వాడారు. పిల్లల్ని ఆయాలా చూసుకునేవన్న కథకు చరిత్రలో ఆధారం లేదు. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధనలో ఒక్కో కుక్క ప్రవర్తనలో తేడాలకు జాతి వల్ల వచ్చేది 9 శాతం దగ్గరే అని తేలింది. నిజమే, కానీ అది అన్ని జాతులూ, అన్ని గుణాలూ కలిపిన సగటు. తోటి కుక్కలతో కయ్యం ఈ వంశాల్లో రావచ్చనుకునే ఇంటి ఏర్పాటు చేసుకోవాలి.

అది మనుషుల మీద కోపం కాదు, రెండూ వేరు. పైగా పిల్లప్పుడు కనబడదు. ఏడాది నుంచి మూడేళ్ల మధ్య, కుక్క పూర్తిగా ఎదిగాక బయటపడుతుంది. "ఏడాదిన్నర దాకా కలిసి ఆడుకున్నాయి" అనే కేసులన్నీ ఇవే. ఒకే ఇంట్లో రెండు ఆడకుక్కల మధ్య పడే గొడవలు మరీ మొండివి. మీ దగ్గర ఆడది ఉంది కాబట్టి మగపిల్లనే తీసుకోండి. గిన్నెలు వేరే గదుల్లో పెట్టండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మధ్య తలుపు మూసి ఉండాలి.

పాపతో ఒంటరిగా వదలొద్దు, ఏ జాతినైనా సరే. ఒళ్లు బిర్రబిగుసుకుపోవడం, కంటి తెల్లగుడ్డు కనబడేలా పక్కకు చూడటం, ఊరికే మూతి నాక్కోవడం కనిపిస్తే పాపను పక్కకు తీసేయండి. గుర్రుమన్నందుకు కొట్టొద్దు. కొడితే గుర్రుమనడం మానేసి నేరుగా కరుస్తుంది.

రూల్స్_చూసి_చెప్తా:
బ్యాన్ సంగతి. 2024 మార్చి 12న కేంద్రం 23 జాతుల అమ్మకం, పెంపకాలకు లైసెన్సులు ఇవ్వొద్దని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు దాన్ని కొట్టేశాయి. అలాగని మున్సిపాలిటీలు ఊరుకోవు. ఘజియాబాద్ 2022లోనే సొంతంగా పిట్‌బుల్, రాట్‌వైలర్, డోగో అర్జెంటీనోలను నిషేధించింది. కొనేముందు మీ జీహెచ్‌ఎంసీ సర్కిల్ ఆఫీసులో అడగండి. అక్కడ కుక్కకు లైసెన్సు ఎలాగూ తీసుకోవాలి, రేబిస్ టీకా సర్టిఫికెట్ ఉండాలి. మీ నిర్లక్ష్యం వల్ల ఎవరికైనా ప్రమాదం వస్తే బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 291 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అందులో జాతి ప్రస్తావనే లేదు.

35 రోజుల పిల్లను అమ్మడం 2017 బ్రీడింగ్ రూల్స్ ప్రకారం తప్పు, ఎనిమిది వారాలు నిండాలి. తల్లీ తోబుట్టువుల దగ్గర ఉండగానే ఎంత గట్టిగా కరవకూడదో నేర్చుకుంటుంది, తొందరపడి తెస్తే పోయేది ఆ పాఠమే. చెవులు కోసిన పిల్లను అమ్మజూపితే అక్కడి నుంచే వెనక్కి వచ్చేయండి.

యూకేలో స్థిరపడే ఆలోచన ఉన్నవాళ్లకు ఒక మాట: ఇంగ్లండ్, వేల్స్‌లలో 2024 ఫిబ్రవరి 1 నుంచి మినహాయింపు సర్టిఫికెట్ లేని ఎక్సెల్ బుల్లీని ఉంచుకోవడమే నేరం.

కొత్త_పెంపకం (హైదరాబాద్):
థాంక్సండీ. ఆ పిల్లను వద్దనుకున్నాం, ఎనిమిది వారాలు నిండిన మగదాన్ని చూస్తాం. లిఫ్టులో తీసుకెళ్లడానికి మూతికి గుడ్డ మజిల్ (మూతి తొడుగు) చాలా?

పశువైద్యం_హన్మకొండ:
చాలదండీ. గుడ్డ మజిల్ నోరు మూసేస్తుంది. కుక్కకు ఒళ్లు చల్లబడేది నోరు తెరిచి వగర్చడం వల్లే, అందులో బుల్లీకి మూతి పొట్టి. మే నెలలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. బుట్టలా ఉండే బాస్కెట్ మజిల్ కొనండి. పెట్టుకుని నీళ్లు తాగగలగాలి, నోరు బాగా తెరవగలగాలి. లోపల అడుగున కాస్త పెరుగు పూసి, మూతి తనంతట తనే పెట్టేదాకా రోజూ రెండు నిమిషాలు అలవాటు చేయండి. బయటికి వెళ్లేరోజే తగిలిస్తే గోళ్లతో పీకేస్తుంది. లిఫ్టులో నాలుగడుగుల తాడు చాలు, లాగితే పొడవు సాగే రకం వద్దు. వేసవిలో వాకింగ్ సూర్యుడు పైకి రాకముందే ముగించండి.