గోలీ సోడా సీసాకి అడుగున చిల్లు పెట్టాలండి, ఇప్పటికే రెండు పగిలాయి

సోడాబండి మనవడు, తణుకు

మా తాతగారికి సోడా బండి ఉండేది. ఆయన పోయాక గోనెసంచిలో ఆరు గోలీ సీసాలు అటకెక్కాయి. వాటి అడుగున పెన్సిలు దూరేంత చిల్లు పెట్టి, రాగితీగ సీరియల్ లైట్లు లోపలికి దోపి వరండాలో వేలాడదీద్దామని నా సరదా. మూతిలోంచే దూర్చొచ్చు కదా అంటారేమో. మెడలో నొక్కు, దాని మీద గోలీ. తీగ దూర్చాలంటే గోలీ తీసెయ్యాలి, గోలీ తీసేస్తే అది సోడా సీసా ఎలా అవుద్దండి?

టైల్స్‌కి వాడే బాణం మొన బిట్టు, 10 మి.మీ.ది తెచ్చాను. మొదటి సీసా మీద బిట్టు జారింది, డ్రిల్లు మిషన్ గెంతింది, సీసా రెండు చెక్కలు. రెండోది ముప్పావు వంతు దిగింది. అప్పటికి బిట్టు, గాజు బాగా వేడెక్కాయి. నీళ్లు పొయ్యమని అందరూ అంటారు కదా అని ఆపి, చిల్లు మీద గ్లాసుడు చన్నీళ్లు పోశాను. టిక్కుమంది. వెంట్రుకంత గీత చిల్లు దగ్గర మొదలై, నేను చూస్తుండగానే మెడ దాకా పాకింది.

ఇంకా నాలుగే ఉన్నాయి. నాన్నగారికి ఈ సంగతి తెలీదు. ఎవరైనా చేసినవాళ్లు చెప్పండి.

అక్వేరియం అన్న, హైదరాబాద్

తమ్మీ, మొదటిది బిట్టు పగలగొట్టింది, రెండోది నువ్వే పగలగొట్టినవ్. గాజుల వేడి తొందరగ పాకదు. బిట్టు కాడ కాలిపోతుంటది, జానెడు దూరంల చల్లగనే ఉంటది. కాలిన కాడ చన్నీళ్లు పోస్తే పైపొర ఒక్కసారి ముడుచుకుంటది, కింద ఉబ్బినది ఉబ్బినట్లే ఉంటది. ఇగ చీలక ఏం చేస్తది? నీళ్లు మొదట్నుంచి ఉండాలె, లేకుంటే అసలే పొయ్యద్దు.

నేను ఇరవై ఏండ్ల నుంచి చేపల తొట్లకు పైపు చిల్లులు పెడుతున్న. ఆ బాణం బిట్టు పక్కన పెట్టు. డైమండ్ కోర్ బిట్టు అడుగు, గుండ్రంగ గొట్టం లెక్క ఉంటది, అంచుకు గరుకు పొడి అతికించి ఉంటది. అది పొడవదు, అరగదీస్తది. మిషన్ సుత్తి గుర్తు మీద ఉందేమో చూసుకో, ఉంటే మార్చు. స్పీడు నిమిషానికి 600-800 చుట్లు చాలు.

సీసను బకెట్ ఇసుకల తలకిందులుగ భుజాల దాకా పాతిపెట్టు. మూతిల గుడ్డ కుక్కు, లేకుంటే ఇసుక పోతది, గోలీ కూడ అదురుకి గాజును కొడతనే ఉంటది. అడుగు లోపలికి గుంటగ ఉంటది కద, తలకిందులు చేస్తే అదే నీకు నీళ్ల గిన్నె. నింపి పెట్టు. కోర్ బిట్టుకు మధ్యల మొన ఉండదు, నిటారుగ పెడితే స్కేటింగ్ చేస్తది. కొంచెం వాల్చి పట్టు, నెలవంక లెక్క గీత పడ్డంక మెల్లగ నిలబెట్టు.

నొక్కకు. మిషన్ బరువే చాలు. అర నిమిషానికోసారి బిట్టు పైకి లేపితే కిందికి నీళ్లు పోతయి. నీళ్లు బియ్యం కడిగినట్లు తెల్లగైతే పని నడుస్తున్నట్లు. చివరికొచ్చేటప్పుడు సప్పుడు సన్నగ మారుతది. అక్కడ బరువు కూడ తీసెయ్, మిషన్‌ను చేతుల మీదనే మొయ్యి. నూటికి తొంభై సీసలు ఆ ఆఖరి అర మిల్లీమీటరు కాడనే పోతయి.

ఇంకో మాట, టఫెన్డ్ గ్లాసుకు, అంటే కాల్చి గట్టిపరచిన అద్దానికి మాత్రం ఇది పనికిరాదు. చిల్లు పెట్టినంక టఫెన్ చేయిస్తరు. తర్వాత ముట్టుకున్నవా, మొత్తం పలుకులైతది. నేనొకసారి తొట్టి అడుగు అద్దం చూసుకోకుండ పెట్టిన. ఊడ్వనీకె పొద్దుగూకింది.

సీసాల పద్మ, విశాఖపట్నం

అక్వేరియం అన్నగారి మాట నిజమే గానీ, గుంట అడుగు మీద బిట్టు వాల్చడం కొత్తవాళ్లకి కుదరదు. బిట్టు అంచు పక్కగోడకి తగులుతుంది. నేనైతే చిన్న ప్లైవుడ్ ముక్కకి ముందే 10 మి.మీ. చిల్లు పెట్టి, గుంటలో నీళ్లు నింపాక దాన్ని సీసా అడుగు అంచు మీద టేపుతో బిగిస్తాను. బిట్టు ఆ చిల్లులోంచి నిటారుగా దిగుతుంది. రెండు నిమిషాలయ్యాక గాడి పడుతుంది, అప్పుడు చెక్క తీసేసి, తగ్గిన నీళ్లు నింపుకోవడమే.

మీ సీసాలు మామూలువి కావండోయ్. 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన పేటెంటు తీసుకున్న తీరు అది. గ్యాసు ఒత్తిడే గోలీని మూతిలో రబ్బరు వాషరుకి నొక్కి పట్టాలి, అందుకే గాజు అంత మందం. తొందరపడకండి. అచ్చు అతుకు గీత మీదా, ఉబ్బెత్తు అక్షరాల మీదా బిట్టు పెట్టొద్దు. ముందు రెండు బీరు సీసాలు పాడుచెయ్యండి, ఎవరూ ఏడవరు.

తీగ ఉన్న కరెంటు మిషన్‌ని నీళ్ల దగ్గర వాడకండి బాబూ, బ్యాటరీది అద్దెకి తెచ్చుకోండి. కళ్లద్దాలు తప్పనిసరి. తెల్ల బురద ఎండకముందే తడిగుడ్డతో తుడిచెయ్యండి. ఎండితే గాజుపొడి, ముక్కులోకి పోతుంది.

సోడాబండి మనవడు, తణుకు

ముందుగా బీరు సీసాలు మూడు. ఒకటి పగిలింది, రెండు నిలిచాయి. పగిలినదానికి కారణం నా చెయ్యే, ఆఖర్లో ఆత్రం ఆగలేదు.

నిన్న గోలీ సీసా. పద్మగారి చెక్క పద్ధతి, అన్నగారి ఇసుక బకెట్. ఏడు నిమిషాలు పట్టింది. సప్పుడు మారడం అన్నారే, అది చెవికి కాదండీ, ముందు అరచేతికి తెలిసింది. గరగర తగ్గి జివ్వుమంది. మిషన్ పైకెత్తి పట్టుకున్నాను, చుక్కుమని నీళ్లు లోపలికి దిగిపోయాయి. గాజు బిళ్ళ బిట్టులోనే ఉండిపోయింది, మేకుతో వెనక నుంచి తోశాను. లోపలి అంచున చిన్న పెచ్చు లేచింది గానీ గీత లేదు. అంచుని 220 నంబరు వాటర్ పేపరు (గరుకు కాగితం), ఆ తర్వాత 400 నంబరుది, తడిపి రుద్దాను.

లైటు పెట్టి వరండాలో కడుతుంటే నాన్నగారు వచ్చారు. కాసేపు చూసి, అటకెక్కి గోనెసంచి దింపి లెక్కపెట్టారు.

"ఇందులో మూడే ఉన్నాయేంట్రా?" అన్నారు.