మొఘల్ కాలీన్‌ని తెలుగులో ఏమందాం?

లాహోర్‌లో నేసి, 1634లో లండన్‌లోని గర్డ్‌లర్స్ కంపెనీకి (నడికట్లు చేసేవాళ్ల వృత్తిసంఘం) చేరిన మొఘల్ కాలీన్ (నేలమీద పరిచే ఉన్ని పరుపు) మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ‘జంపఖానా’ అని రాస్తే నాన్నగారు ఒప్పుకోలేదు, ‘రత్నకంబళి’ అనమంటున్నారు. మీరేమంటారు?

— నాన్నగారి అభ్యంతరం సబబేనండీ. జంపఖానాలో పడుగూ పేకా తప్ప ముడి ఉండదు. పెళ్లిపందిట్లో పరిచేదీ, వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీ ఆ జాతివే. కాలీన్‌లో పడుగుకు ఒక్కొక్క ఉన్నిపోగూ ముడివేసి కొస కత్తిరిస్తారు. పాదానికి మెత్తగా తగిలే ఆ కుచ్చంతా ముడులదే. రెండూ నేలమీద పరిచేవే కదా అని ఒకే మాటతో సరిపెడితే ఆ చేతిపనికి అన్యాయం. ఇక రత్నకంబళి నిఘంటువుల్లో ఉంది, అందమైన మాటే. కానీ కంబళి అనగానే ఇవాళ కప్పుకునేదే గుర్తొస్తుంది.

— అక్బర్ కొలువులోని అబుల్ ఫజల్ తన ‘ఐనె అక్బరీ’ గ్రంథంలో కాలీన్ నేసే పనివాళ్లు ముఖ్యంగా ఆగ్రా, ఫతేపూర్, లాహోర్‌లలో ఉన్నారంటాడు. అక్బర్ కార్ఖానాలో ఆనాటి గజాల్లో 20కి పైగా పొడవు, 6కి పైగా వెడల్పుతో ఒకటి నేస్తే 1,810 రూపాయలు ఖర్చయిందట. పని తెలిసినవాళ్లు దానికి 2,715 వెల కట్టారట! దాన్ని ఆయన ‘గిలీమ్’ అన్నాడు. ఇవాళ అదే మాట ‘కిలీం’ అయి ముడిలేని నేతకు చెల్లుతోంది. జంపఖానా జాతివైన శత్రంజీలను మాత్రం ఆయన విడిగా చెప్పాడు.

— ‘గలీచా’ను మరిచిపోకండి. పారసీలో చివరి ‘చ’ చిన్నదనాన్ని చెబుతుంది. బాగ్ నుంచి బగీచా, డేగ్ నుంచి డేక్చా వచ్చినట్టే ఇదీ. అంటే చిన్న కాలీన్. అంత పెద్ద దర్బారు పరుపుకు ఆ పేరు నప్పదు.

— మాది ఏలూరండీ. ఉన్ని ముడుల పనికి మా ఊరి పేరే ముందు చేర్చి ‘ఏలూరు తివాచీ’ అంటారు. ఇంట్లో మగ్గం చూసినవాళ్లం, జంపఖానా అంటే మాకు మనసొప్పదు.

— అందరికీ ధన్యవాదాలు. ‘లాహోర్ తివాచీ’ అని మార్చాను. మొదటిసారి వచ్చినచోట ‘పడుగుకు ఉన్నిపోగులు ముడివేసినది’ అని చేర్చాను. నాన్నగారికి చదివి వినిపించాను, సరేనన్నారు.