సియోల్‌లో నాంటా: భాష రాని పెద్దవాళ్లని తీసుకెళ్లొచ్చా?

రాయగడ కోడలు:
అందరికీ నమస్కారం. వచ్చే నెల మా అత్తమామలతో, ఎనిమిదేళ్ల బాబుతో సియోల్ వెళ్తున్నాం. వీసాలు చేతికొచ్చాయి. అక్కడ వేదిక మీద కత్తులు, గిన్నెలతో దరువేస్తూ ఆడే నాంటా అనే ఆట చూపించాలని ఉంది. మామయ్యగారికి తెలుగు, ఒడియా తప్ప మరో భాష రాదు. అత్తయ్యగారు గుడ్డు కూడా ముట్టరు. వాళ్లకి కథ అందుతుందా? ఏ సీట్లు తీసుకోవాలి? స్టేజీ మీదకి పిలిచి ఏదో తినిపిస్తారట, నిజమేనా?

పర్లాకిమిడి మాస్టారు:
భాష గురించి బెంగ పెట్టుకోకమ్మా. 1997 అక్టోబరులో సియోల్‌లో మొదలైన ఈ ఆటని నటుడు సోంగ్ సుంగ్‌హ్వాన్ మాటల మీద ఆధారపడకుండానే కట్టించారు. అందుకే 1999లో ఎడిన్‌బరో ఫ్రింజ్ నాటకోత్సవంలో, 2004లో న్యూయార్క్‌లో ఇబ్బంది లేకుండా ఆడింది. నాంటా అంటే ఎడాపెడా బాదడం అని అర్థం.

అయితే కథ ముందే చెప్పి తీసుకెళ్లండి. ముగ్గురు వంటవాళ్లు పనిలో ఉంటారు. మేనేజరు వచ్చి, సాయంత్రం ఆరింటికల్లా పెళ్లి విందు సిద్ధం కావాలంటాడు. పైగా పని రాని మేనల్లుణ్ణి వాళ్ల నెత్తిన పెడతాడు. ఈ నాలుగు ముక్కలూ తెలిస్తే చాలు. తెలియకపోతే మొదటి పావుగంట 'ఎందుకు తిట్టుకుంటున్నారు, ఎందుకు పరిగెడుతున్నారు' అనే ప్రశ్నలతోనే గడిచిపోతుంది. గడువు ఆరింటికని తెలిసినవాళ్లకి ప్రతి ఆలస్యమూ నవ్వు తెప్పిస్తుంది.

ఇక దరువు. దాని మూలం సాములనోరి. కొరియా పల్లెల్లో రైతుల మేళం వాయించే నాలుగు వాయిద్యాలని 1978లో వేదిక మీదకి తెచ్చి పెట్టిన పేరు అది. క్వెంగ్గారి అంటే చేతిలో పట్టుకునే చిన్న కంచు పళ్లెం, జింగ్ అంటే పెద్ద పళ్లెం. బుక్ మన డోలు లాంటిది. జాంగ్గు నడుము సన్నగా ఉండే వాయిద్యం. దానికి ఓ చేత సన్నటి వెదురు పుల్ల, రెండో చేత గుండు తల ఉన్న కర్ర పట్టుకుంటారు. మేళాన్ని నడిపించేది చిన్న పళ్లెమే. నాంటాలో ఈ దరువులే చెక్క పలకల మీద కత్తులతో, గిన్నెల మీద గరిటెలతో పలుకుతాయి. మన వైపు తప్పెటగుళ్లలో గురువు దరువు మార్చగానే అందరి అడుగూ మారుతుంది చూడండి, ఇక్కడా అలాగే ఒకరి చేయి మారితే మిగతా చేతులన్నీ మారతాయి. ఆ మార్పు ఎవరి దగ్గర మొదలైందో పట్టుకోమని మామయ్యగారికి చెప్పండి. తప్పెటగుళ్లు చూసిన చెవికి అది ఇట్టే దొరుకుతుంది.

గుణుపురం నుంచి:
అక్కా, స్టేజీ మీదకి పిలిచే మాట నిజమే. చూసేవాళ్లలో ఇద్దరిని పైకి తీసుకెళ్లి సూపు రుచి చూపిస్తారు, కొరియా సంప్రదాయ పెళ్లికొడుకు, పెళ్లికూతురుగా తయారు చేస్తారు. ఇంకో ఘట్టంలో మండు, అంటే వాళ్ల కుడుములు, చేసే పోటీకి కొందరిని పిలుస్తారు. ఆ దేశంలో సూపులకి చేపతోనో మాంసంతోనో కాచిన నీళ్లు వాడటం మామూలు. మండులో పంది మాంసం ఉండటమూ మామూలే. కాబట్టి అత్తయ్యగారిని ముందు వరసలో గాని, నడవ పక్క సీటులో గాని కూర్చోబెట్టకండి. నటులు దిగి వచ్చేది నడవలోకే. ఆమెని వరస మధ్యలో, మీకూ మామయ్యగారికీ నడుమ కూర్చోబెట్టండి. అయినా చెయ్యి చాపితే, రెండు ముంజేతులూ గుణకారం గుర్తులా అడ్డం పెట్టి నవ్వితే చాలు. అక్కడ 'వద్దు' అనడానికి అదే సైగ, ఎవరూ బలవంతం చెయ్యరు.

బాబుకి ముందు వరస సరదాగా ఉంటుంది గానీ క్యాబేజీ, క్యారెట్, దోసకాయ తరిగేటప్పుడు ముక్కలు ఎగిరొచ్చి పడతాయి. కాస్త వెనక కూర్చుంటే మొత్తం వేదిక ఒకే చూపులో అందుతుంది. ఈ ఆటకి అదే ముఖ్యం, ఎందుకంటే ఒక మూల దరువు, మరో మూల హాస్యం ఒకేసారి నడుస్తుంటాయి. పెద్దవాళ్లకి ఖరీదైన సీటే మంచి సీటు అనుకోకండి.

జైపూర్ బాబు:
టికెట్టు సంగతి. కొరియా వాళ్ల సొంత బుకింగ్ సైట్లు అక్కడి ఫోను నంబరుతో ధ్రువీకరణ అడుగుతాయి, మన నంబరు పనిచేయదు. విదేశీయుల కోసం విడిగా ఉన్న బుకింగ్ సైట్లలో తీసుకోండి. పాస్‌పోర్టులో ఉన్న పేరే రాయండి, కౌంటర్లో అదే చూస్తారు. అరగంట ముందే చేరండి. ఆట గంటన్నర పైనే, మధ్యలో విరామం లేదు. పెద్దవాళ్లని, పిల్లాణ్ణి ముందే బాత్రూముకి తీసుకెళ్లండి.

హాలు మ్యోంగ్‌దోంగ్‌లో ఉంది. ఇంచియాన్ ఎయిర్‌పోర్టు నుంచి ఏరెక్స్ రైల్లో సియోల్ స్టేషన్‌కి, అక్కడ 4వ లైను మెట్రో ఎక్కితే రెండో స్టేషనే మ్యోంగ్‌దోంగ్. నడిచేటప్పుడు దారికి నేవర్ మ్యాప్ వాడండి. గూగుల్ మ్యాప్ అక్కడ అంతగా పనిచేయదు.

దిగిన రోజే టికెట్టు తీసుకోవద్దు. అక్కడి గడియారం మనకన్నా మూడున్నర గంటలు ముందుంటుంది. రాత్రి 8 గంటల ఆటంటే మన లెక్కలో సాయంత్రం నాలుగున్నరే గానీ, ఢిల్లీ నుంచి రాత్రి విమానంలో వెళ్తే ముందురోజు నిద్రే ఉండదు. చీకటి హాల్లో పెద్దవాళ్లు కునుకు తీసేస్తారు.

రాయగడ కోడలు:
చాలా థాంక్స్. మామయ్యగారికి చెవి మిషను ఉంది. చప్పుడు ఎక్కువవుతుందా?

పర్లాకిమిడి మాస్టారు:
అవుతుందమ్మా. హాలు చిన్నది, కత్తి చెక్కని తాకే చప్పుడు చురుగ్గా ఉంటుంది. గుంపుగా డోళ్లు వాయించేటప్పుడు ఇంకా ఎక్కువ. లోపలికి వెళ్లేముందే మిషను సౌండు తగ్గించి పెట్టండి. డోళ్ల ఘట్టంలో తీసేసినా పర్వాలేదు, ఆ దెబ్బ చెవికన్నా ముందు గుండెకి తగులుతుంది. బాబుకి ఇబ్బందైతే దూదుండలు జేబులో ఉంచుకోండి.