మనిషి మీద నమ్మకమా, మీటరు మీద నమ్మకమా? రాజకీయం మొదలయ్యేది ఇక్కడేనా?

గాంధీరోడ్డు:
తిరుపతిలో మా అపార్ట్‌మెంట్ బోరు ఈ ఎండాకాలం ఎండిపోయింది. ట్యాంకర్ల ఖర్చు ఎట్లా పంచుకోవాలని మీటింగు. ‘ఫ్లాటుకో మీటరు పెట్టకపోతే జనం నీళ్ళు పారబోస్తారు’ అని ఒక వర్గం. ‘చెబితే జనమే తగ్గించుకుంటారు, అందరం సమానంగా కడదాం’ అని ఇంకో వర్గం. నీళ్ళ పేరు చెప్పి రెండు గంటలు అరుచుకున్నది మనిషి ఎట్లాంటివాడనే దాని మీదే.

పార్టీలూ ఇంతే అంటాను. మనిషి స్వార్థపరుడని నమ్మేవాడు గట్టి ప్రభుత్వం, కట్టుబాట్లు కావాలంటాడు. పైన అధికారం లేకపోతే అందరికీ అందరితో యుద్ధమేనని ఇంగ్లండు తత్వవేత్త హాబ్స్ 1651లో రాశాడు. మనిషి మంచివాడే, సమాజమే చెడగొట్టిందని నమ్మేవాడు సమాజాన్ని మార్చాలంటాడు. తత్వవేత్త రూసో 1755లో చెప్పింది అదే. మొదటివాళ్ళు రైటు, రెండోవాళ్ళు లెఫ్టు. కాదనేవాళ్ళు చెప్పండి.

చిత్తూరు బెల్లం:
కాదంటున్నా. అందర్నీ రెండు గంపల్లో సర్దేశావన్నా. ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ ఏ గంప? అంగడివాడు మన మీద ప్రేమతో సరుకు అమ్మడు, తన లాభం చూసుకుంటాడు, అయినా మన పొయ్యి వెలుగుతుంది అనేది 1776లో ఆయన వాదన. మనిషి స్వార్థపరుడనే మాట నుంచే హాబ్స్ తిరుగులేని రాజు దగ్గరికి చేరితే, స్మిత్ దారిలో వాళ్ళు ‘ప్రభుత్వం ఎంత తక్కువ జోక్యం చేసుకుంటే అంత మంచిది’ అనే దగ్గరికి చేరారు. ఇక మార్క్స్ లెక్కలో మంచోడా చెడ్డోడా అనే ప్రశ్నే తప్పు. బతికే పరిస్థితిని బట్టే మనిషి తయారవుతాడంటాడు.

ఇంకోటి. హాబ్స్ అది రాసింది ఇంగ్లండు అంతర్యుద్ధంలో మండుతున్న రోజుల్లో. సొంతిల్లు కాలుతుంటే పారిస్‌లో కూర్చుని రాసినవాడికి మనిషి ఎట్లా కనిపిస్తాడు?

గాంధీరోడ్డు:
మార్క్స్ సంగతి ఒప్పుకుంటా. మిగతాది కాదు.

నీరుగంటి మనవరాలు:
మా తాత పలమనేరు వైపు ఒక చెరువుకి నీరుగంటి. తెలియనివాళ్ళ కోసం: తూము తెరిచి, ఏ మడికి ఎంతసేపని నీళ్ళు వదిలే మనిషి. రైతు తనంతట తాను మడవ, అంటే కాలవ నీళ్ళు మడిలోకి మళ్ళే దారి, తిప్పకూడదు. కోతలయ్యాక కళ్ళంలోనే తాతకి ధాన్యం కొలిచేవాళ్ళు. దొంగగా మడవ తిప్పినవాడికి మొదటిసారి తిట్లు, రెండోసారి తప్పు కట్టించేవాళ్ళు, అప్పటికీ మానకపోతే వంతు పోయేది.

చీకటి పడితే ఎవడైనా మడవ తిప్పుతాడని ఊరికి తెలుసు, కాబట్టే నీరుగంటి. పదిమంది కూర్చుంటే నియమం పెట్టుకోగలమనీ తెలుసు. ఉమ్మడి బీడుని ఎవడికి వాడు మేపేసి పాడుచేస్తారని 1968లో అమెరికా జీవశాస్త్రవేత్త గారెట్ హార్డిన్ రాశాడు. అమెరికా పరిశోధకురాలు ఎలినార్ ఆస్ట్రమ్ స్విట్జర్లాండు కొండ బీళ్ళు, స్పెయిన్ కాలవలు చూపించి, జనమే నియమాలతో కాపాడుకున్నవి ఉన్నాయంది. 2009లో ఆమెకి ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

అట్లని మా చెరువు కథ అంత ముచ్చటైనదేమీ కాదు. మేం దళితులం. ఊరందరికీ నీళ్ళు పంచిన తాతకి సెంటు మడి లేదు. ‘నీ గుణం పుట్టుకతో వచ్చింది, నీ పని ఇదే’ అనడం కూడా మనిషి స్వభావం గురించిన నమ్మకమే కదా. మీ లెఫ్టు, రైటు గంపల్లో దానికి చోటే లేదు. రాజకీయాల్లో సమానత్వం, బతుకులో అసమానత, ఈ రెండూ ఎంతకాలం పక్కపక్కన నడుస్తాయని 1949 నవంబరు 25న అంబేడ్కర్ రాజ్యాంగ సభలో అడిగింది దీని గురించే.

చిత్తూరు బెల్లం:
అక్కా, బోర్లు వచ్చినాక ఆ చెరువు ఏమైంది?

నీరుగంటి మనవరాలు:
తూము తుప్పు పట్టింది. ఎవడి బోరు వాడు లోతుకి దింపుకున్నాడు. మనుషులు మాత్రం వాళ్ళే. కూర్చుని మాట్లాడుకునే పని తప్పింది, అంతే.

అలిపిరి మెట్లు:
నేను మీటరు పార్టీ. మనిషిని నమ్మను, మీటరు రీడింగు రాసే సెక్రటరీని అసలే నమ్మను. హాబ్స్ చెప్పిన రాజుతో చిక్కే అది. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి? మనుషులు దేవదూతలైతే ప్రభుత్వమే అక్కర్లేదని 1788లో అమెరికా రాజ్యాంగం రూపొందించినవాళ్ళలో ఒకడైన మాడిసన్ రాశాడు. ఏలేవాళ్ళూ మనుషులే కాబట్టి ఒక అధికారానికి ఇంకో అధికారాన్ని అడ్డు పెట్టాలన్నాడు. నాకు నచ్చింది ఇదొక్కటే. ఇంతకీ మీ మీటింగులో ఏం తేల్చారు సామీ?

గాంధీరోడ్డు:
నిన్న మీటర్ల కొటేషన్ వచ్చింది. ఆ రేటు చూశాక, మనుషులు మంచివాళ్ళేనని అందరం ఏకగ్రీవంగా ఒప్పుకున్నాం.