అప్‌డేట్: అద్దింటి బండల వాకిట్లో మొక్కలు బతికాయి

ఏప్రిల్‌లో అడిగాను కదా, హైదరాబాద్‌లో మా అద్దింటి ముందు అంతా తాండూరు బండలే, పెయింట్ బకెట్లలో ఏం పెట్టినా వాడిపోతున్నాయని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

చచ్చిపోయిన మందారాన్ని బకెట్‌తో సహా నర్సరీకి తీసుకెళ్లాను. నర్సరీ ఆయన బకెట్ బోర్లించి చూపించాడు: అడుగున ఒకటే చిల్లు, అదీ మట్టితో పూడిపోయింది. వేర్లు నల్లగా మెత్తబడి, కుళ్లు వాసన. ఎండకు వాడుతోందనుకుని నేను రెండు పూటలా నీళ్లు పోశాను! ఎరువు లోపమేమీ కాదు; ఎండ తగలకుండా కట్టిన గ్రీన్ నెట్ కూడా దండగే అయింది.

కాల్చిన ఇనుప చువ్వతో ఒక్కో బకెట్‌కి ఎనిమిది చిల్లులు పెట్టాను. ఎర్రమట్టిలో కోకోపిట్ (కొబ్బరి పీచు పొట్టు), పశువుల ఎరువు కలిపాను. ఒకరు చెప్పినట్టు బకెట్ల కింద ఇటుకలు పెట్టాను. నీళ్లు బయటికి పోతున్నాయి, బండల వేడీ నేరుగా తగలట్లేదు. వేలు పెట్టి చూసి, పైమట్టి ఆరితేనే నీళ్లు పోస్తున్నాను.

పక్కింటి అత్తయ్యగారిచ్చిన గడ్డి గులాబీ కొమ్మలు పైసా ఖర్చు లేకుండా అంచులు దాటి పాకాయి. కాగితం పూల మొక్క కూడా ఎండకు జంకలేదు. బండల మీద మరకలు పడతాయని గొణిగిన ఓనర్ ఆంటీ నిన్న రెండు కొమ్మలు తుంచుకెళ్లారు.